ఒక్క చిప్పు కావాలన్నా తెప్పించుకోవచ్చు

(బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ నేర్చుకుంటున్న తెలుగు విద్యార్థులు, చిన్న సంస్థల్లో పనిచేసే ఇంజినీర్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చెన్నై నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన పిల్లలు కూడా ఉన్నారని ఇప్పుడే చెప్పారు. చాలా సంతోషం.

నేను బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యాలో టెస్టింగ్ పరికరాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పర్చేజ్ చూస్తాను. మా ఇంజినీర్లు సర్క్యూట్‌లో గీసిన ప్రతి వస్తువునూ ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తెప్పించి టేబుల్ మీద పెట్టడం నా పని. ఈ పని చేస్తున్నకొద్దీ నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. సర్క్యూట్ గీయడం ఇంజినీరు పని, ఆర్డర్ పెట్టడం గుమస్తా పని అనుకుంటాం చూడండి, ఆ విభజనే తప్పు. ఏ పార్ట్ ఎక్కడ దొరుకుతుంది, ఎన్నాళ్ళకు వస్తుంది, ఏ ప్యాకేజీలో (పైతొడుగు, కాళ్ళ అమరిక) వస్తుంది, మన గడపకు చేరేసరికి ఎంత అవుతుంది అనేవి సర్క్యూట్ గీస్తున్నప్పుడే పక్కన రాసుకోవాల్సిన సంగతులు. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది.

ముందు మన ఊరి సంగతి. బెంగళూరులో టౌన్‌హాల్‌కి దగ్గర్లో ఎస్పీ రోడ్ ఉంది, సదర్ పత్రప్ప రోడ్ అని పూర్తి పేరు. చెన్నైలో మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్. హైదరాబాద్ వాళ్ళకి కోఠీలో గుజరాతీ గల్లీ. రెసిస్టర్లు, మామూలు కెపాసిటర్లు, ఎల్‌ఈడీలు, బ్రెడ్‌బోర్డులు, రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్లు, హీట్‌సింకులు, వైర్లు, పెట్టెలు... వీటి కోసం విదేశాల వైపు చూడాల్సిన పనే లేదు. చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు, తేడా వస్తే మర్నాడు వెళ్ళి మార్చుకోవచ్చు. ఆ దుకాణాల్లో నలభై ఏళ్ళుగా కూర్చున్న పెద్దవాళ్ళు ఉన్నారు. ఫలానా ట్రాన్సిస్టర్ లేదంటే దాని బదులు ఏది పనికొస్తుందో చెప్పేస్తారు. వాళ్ళతో పరిచయం పెంచుకోండి. అది చదువులో ఒక భాగం.

మరి విదేశాలకు ఎందుకు వెళ్ళాలి? రోడ్డు మీద దొరికే సరుకు ఎప్పుడూ నిన్నటి గిరాకీని బట్టి ఉంటుంది. పదిమంది అడిగిందే దుకాణదారు తెచ్చి పెట్టుకుంటాడు. మీకు సిగ్నల్‌ను తక్కువ నాయిస్‌తో (అలజడితో) పెంచే ఆప్‌ఆంప్, వోల్టేజ్‌ని అంకెలుగా మార్చే 24 బిట్ల ఏడీసీ, ఫలానా పిన్నులున్న మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామ్ నడిపే చిప్పు) కావాలంటే అడిగేవాడు మీరు ఒక్కరే. తయారీదారుల ప్రతినిధులను అడిగితే రీల్ లెక్క చెప్తారు. రీల్ అంటే టేపు చుట్ట, దానిలో రెండున్నర వేలో, మూడు వేలో ముక్కలు. ఇంజినీరింగ్ మూడో ఏడు చదివే అమ్మాయికి కావాల్సింది రెండు.

ఆ రెండు ముక్కలూ అమ్మేవాళ్ళు ఉన్నారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో థీఫ్ రివర్ ఫాల్స్ అని చిన్న ఊరు, జనాభా తొమ్మిది వేల లోపు. 1972లో రొనాల్డ్ స్టోర్డాల్ అనే హ్యామ్ రేడియో ప్రియుడు అక్కడ డిజికీ మొదలుపెట్టాడు. హ్యాముల కోసం, అంటే సరదాకి సొంత రేడియో నడిపేవాళ్ళ కోసం, ఆయన తయారుచేసిన డిజిటల్ కీయర్ (మోర్స్ కోడ్ పంపే పరికరం) కిట్టు నుంచే ఆ పేరు వచ్చింది. టెక్సస్‌లో ఉన్న మౌసర్‌ను 1964లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన జెర్రీ మౌసర్ ఒక ఫిజిక్స్ పంతులుగారు. బడిలో పిల్లలకి ఎలక్ట్రానిక్స్ నేర్పడానికి విడిభాగాలు కావాల్సి వచ్చి ఈ వ్యాపారంలోకి దిగాడు. ఇంగ్లండ్‌లో లీడ్స్‌లో పుట్టిన ఫార్నెల్ మన దగ్గర ఎలిమెంట్14 పేరుతో నడుస్తోంది. చైనా షెంజెన్‌లో ఎల్‌సీఎస్‌సీ ఉంది. ఇవి రోజూ రీళ్ళు రీళ్ళు అమ్మే పెద్ద సంస్థలే. అయినా రీల్‌లో నుంచి రెండు ముక్కలు కత్తిరించి, కవర్లో పెట్టి, మీ పేరు మీద లేబుల్ అంటించి పంపుతాయి. దీన్నే కట్ టేప్ అంటారు. హిందూపురంలోనో మదనపల్లెలోనో కూర్చున్న పిల్లకి, టెక్సస్‌లో పెద్ద కంపెనీ ఇంజినీరుకి ఒకే కేటలాగు. నాకు ఇది చాలా గొప్ప విషయంగా కనిపిస్తుంది. దొరికినదాన్ని బట్టి డిజైన్ చేసే రోజుల నుంచి, కావాల్సినదాన్ని బట్టి డిజైన్ చేసే రోజులకు వచ్చాం.

ఇక నకిలీల గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. పేరున్న డిస్ట్రిబ్యూటర్ దగ్గర చిప్పు ధర ఎక్కువ, ఏదో మార్కెట్‌ప్లేస్ సైట్‌లో అదే నంబరు సగానికి దొరుకుతోంది అని అడుగుతుంటారు. తయారీదారు నుంచి నేరుగా సరుకు తెచ్చుకునే సంస్థను అధీకృత డిస్ట్రిబ్యూటర్ అంటారు. అక్కడ మీ కవరు మీద లాట్ నంబరు, డేట్ కోడ్ ఉంటాయి. ఏదైనా తేడా వస్తే ఆ లాట్ ఫ్యాక్టరీలో ఎప్పుడు తయారైందో వెనక్కి వెళ్ళి కనుక్కోవచ్చు. మీరు ఎక్కువ ఇచ్చే డబ్బు దానికే. బహిరంగ మార్కెట్లో పాత బోర్డుల నుంచి పీకిన చిప్పుల పైభాగం అరగదీసి, నల్ల పూత వేసి, కొత్త నంబరు ముద్రించి అమ్ముతారు. పవర్ ట్రాన్సిస్టర్లలో లోపల చిన్న సిలికాన్ ముక్క పెట్టి పైన పెద్ద నంబరు కొడతారు. మల్టీమీటర్‌తో చూస్తే మంచిదే అనిపిస్తుంది, లోడ్ పెట్టగానే పోతుంది.

2014 అక్టోబరులో జరిగింది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే ఎఫ్‌టీ232 చిప్పుకి విపరీతంగా నకిలీలు వచ్చాయి. దాన్ని తయారుచేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ కొత్త డ్రైవర్ విడుదల చేసింది. అది విండోస్ అప్‌డేట్ ద్వారా కంప్యూటర్లలోకి వెళ్ళి, నకిలీ చిప్పు కనిపిస్తే దాని ప్రోడక్ట్ ఐడీని సున్నా చేసేసింది. నిన్నటిదాకా పనిచేసిన బోర్డులను కంప్యూటర్ గుర్తుపట్టడం మానేసింది. విమర్శలు వచ్చాక కంపెనీ ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది. దెబ్బతిన్నవాళ్ళలో ఎక్కువమందికి తమ దగ్గర ఉన్నది నకిలీ అనే సంగతే తెలియదు.

అలాగని ప్రతి రూపాయి రెసిస్టర్‌నూ అమెరికా నుంచి తెప్పించమని నేను అనను. నా పద్ధతి చెప్తాను. మీ సర్క్యూట్‌లో ఏ పార్ట్ తప్పయితే కొలత తప్పవుతుందో, ఏది పోతే మిగతావన్నీ కాలిపోతాయో, ఏది తీసి మార్చడం కష్టమో చూసుకోండి. రిఫరెన్స్ వోల్టేజ్, ఏడీసీ, మాస్‌ఫెట్లు (కరెంటును స్విచ్ చేసే ట్రాన్సిస్టర్లు), పవర్ సప్లై కంట్రోలర్, మైక్రోకంట్రోలర్... సాధారణంగా ఇవే. వీటిని అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొనండి. మిగతావి ఎస్పీ రోడ్‌లో తెచ్చుకోండి. నేర్చుకోవడానికి సెన్సర్ బోర్డులు కావాలంటే మన దేశంలోనే అమ్మే ఆన్‌లైన్ దుకాణాలు చాలా ఉన్నాయి, అవి చాలు.

ఇప్పుడు పార్ట్ నంబర్. ఆర్డర్లో పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. నంబరు చివర ఉన్న అక్షరాలను చాలామంది పట్టించుకోరు. ఏటీమెగా328పి-పీయూ అంటే 28 కాళ్ళ డిప్ ప్యాకేజీ, బ్రెడ్‌బోర్డులో గుచ్చుకోవచ్చు. చివర ఏయూ అని ఉంటే 32 కాళ్ళ చదరపు సర్ఫేస్ మౌంట్ చిప్పు, బోర్డు పైభాగానే సోల్డర్ చేసేది. లోపల ఉన్నది ఒకటే, కానీ మీ బోర్డు మీద కూర్చోదు. మధ్యలో పి లేకుండా ఏటీమెగా328-పీయూ అని ఇంకొకటి ఉంది. చూడ్డానికి అదీ డిప్పే. కానీ దాని సిగ్నేచర్ (చిప్పు లోపల ఉండే గుర్తింపు సంఖ్య) వేరు, ప్రోగ్రామ్ ఎక్కించబోతే సాఫ్ట్‌వేర్ సిగ్నేచర్ కలవడం లేదని ఆగిపోతుంది.

ఇంకొకటి చెప్తాను, రాసుకోండి. పీఎన్2222ఏ, పీ2ఎన్2222ఏ రెండూ ప్లాస్టిక్ ట్రాన్సిస్టర్లే. చదునుగా ఉన్న వైపు మనకు పెట్టుకుని ఎడమ నుంచి చూస్తే మొదటిదానికి ఎమిటర్, బేస్, కలెక్టర్. రెండోదానికి కలెక్టర్, బేస్, ఎమిటర్. పేరులో ఒక అంకె తేడా, కాళ్ళు తలకిందులు. అందుకే సైట్‌లో ఫొటో చూసి ఆర్డర్ పెట్టకూడదు. ఆ ఫొటో చాలాసార్లు ఆ కుటుంబంలో ఏదో ఒకదానిది. డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చివర్లో ఆర్డరింగ్ ఇన్ఫర్మేషన్ అనే పట్టిక ఉంటుంది. అది తెరిచి, పూర్తి నంబరు అక్షరం అక్షరం సరిచూసి, దాన్నే మీ బీఓఎంలో రాయండి. బీఓఎం అంటే మీ బోర్డుకి కావాల్సిన సామాను చిట్టా.

సైజుల్లో కూడా చూసుకోవాలి. 0603 కెపాసిటర్ అని మనం అనేది అంగుళాల లెక్క, అంటే 1.6 మిల్లీమీటర్లు, 0.8 మిల్లీమీటర్లు. మెట్రిక్ లెక్కలో 0603 అంటే 0.6, 0.3. చేత్తో సోల్డర్ చేయడం దాదాపు అసాధ్యం. కొన్ని చోట్ల రెండు లెక్కలూ పక్కపక్కనే చూపిస్తారు, ఏది ఏదో చదవాలి. కనెక్టర్లకైతే 2.54, 2.50, 2.00 మిల్లీమీటర్ల పిచ్‌లు (కాళ్ళ మధ్య దూరాలు) వేరువేరు. రెండు మూడు కాళ్ళదాకా 2.50ది 2.54లో దూరినట్టే ఉంటుంది, పది కాళ్ళకి వచ్చేసరికి కుదరదు.

సైట్‌లో ఇంకో వరుస ఉంటుంది, పార్ట్ స్టేటస్ అని. యాక్టివ్ అని ఉంటే సరే. కొత్త డిజైన్లకు సిఫారసు చేయం అనో, ఆబ్సలీట్ (తయారీ ఆగిపోయింది) అనో ఉంటే దాన్ని కొత్త బోర్డులో పెట్టకండి, ఎంత స్టాక్ ఉన్నా సరే. 2021లో, 2022లో చిప్పుల కొరత వచ్చినప్పుడు కొన్ని మైక్రోకంట్రోలర్లకు ఏడాది పైగా వేచి ఉండమన్నారు. అప్పుడు నిలబడినవాళ్ళు ఎవరంటే, ఒకే ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద పార్ట్ కూర్చునే చోటు) మీద రెండు మూడు రకాల పార్టులు కూర్చునేలా ముందే బోర్డు గీసుకున్నవాళ్ళు.

ఇక కస్టమ్స్. అందరికీ టెన్షన్ ఇక్కడే. నెమ్మదిగా చెప్తాను.

సుంకం వస్తువు ధర ఒక్కదాని మీదే ఉండదు. ధర, రవాణా ఖర్చు, ఇన్సూరెన్స్ మూడూ కలిపిన మొత్తం మీద లెక్కేస్తారు. ఆ మొత్తం మీద ప్రాథమిక సుంకం. ఆ సుంకం మీద పది శాతం సామాజిక సంక్షేమ సర్‌ఛార్జి. ఇవన్నీ కలిపాక దాని మీద ఐజీఎస్‌టీ (దిగుమతి మీద పడే జీఎస్‌టీ), మన విడిభాగాలకు ఎక్కువగా 18 శాతం. మంచి విషయం ఏమిటంటే, 1997లో మన దేశం సమాచార సాంకేతిక ఉత్పత్తుల ఒప్పందంలో చేరింది కాబట్టి ఐసీలు (చిప్పులు), ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లలో చాలావాటికి ప్రాథమిక సుంకం లేదు. కస్టమ్స్ వాళ్ళ వస్తువుల పట్టికలో ఐసీలు 8542 శీర్షికలో వస్తాయి, డయోడ్లు ట్రాన్సిస్టర్లు 8541లో, రెసిస్టర్లు 8533లో, కెపాసిటర్లు 8532లో. పవర్ సప్లైలు, బ్యాటరీలు, కొన్ని కనెక్టర్లు అలా కాదు.

లెక్క వేద్దాం. నాలుగు వేల రూపాయల ఐసీలు, రవాణా పదిహేను వందలు అనుకోండి. ఇన్సూరెన్స్ పక్కన పెడదాం. మొత్తం 5,500. ప్రాథమిక సుంకం లేకపోతే ఐజీఎస్‌టీ 990, చేతికి వచ్చేసరికి 6,490. అదే పది శాతం సుంకం ఉన్న వస్తువైతే 550, సర్‌ఛార్జి 55, ఆ పైన ఐజీఎస్‌టీ 1,099. మొత్తం 7,204. దీనికి కొరియర్ వాళ్ళ క్లియరెన్స్ రుసుము అదనం. చూశారా, రవాణా ఖర్చు మీద కూడా పన్ను పడింది. అందుకే నలుగురు కలిసి తెప్పించుకోమంటాను. ఐదుగురు కలిసి ఇరవై వేల సరుకు తెప్పించి, రవాణా రెండు వేలు పడిందనుకుంటే, ఒక్కొక్కరి వాటా 4,400, ఐజీఎస్‌టీతో 5,192. విడిగా తెప్పించుకున్నదాని కంటే ఒక్కొక్కరికి దాదాపు 1,300 మిగిలింది.

వ్యక్తిగత వాడకం కోసం వచ్చే సరుకుకి 9804 అని ఒక ప్రత్యేక శీర్షిక ఉంది. అందులో వేస్తే అన్నింటికీ కలిపి ఒకే రేటు పడొచ్చు, ఐసీలకు సుంకం లేదన్న లాభం పోవచ్చు. కాబట్టి కొరియర్ వాళ్ళు కేవైసీ కోసం ఫోన్ చేసినప్పుడు ఆధార్ పంపి ఊరుకోకుండా, ఏ శీర్షిక కింద వేస్తున్నారని అడగండి, ఇన్వాయిస్‌లో ఉన్న కోడ్‌లు చూపించండి. గట్టిగా అడగక్కర్లేదు, స్పష్టంగా అడిగితే చాలు. మా దగ్గర ప్రాజెక్టు చేసిన ఒక కుర్రాడి పార్సిల్ పది రోజులకు పైగా ఆగిపోయింది. అమ్మినవాడు ఇన్వాయిస్ మీద ‘పార్ట్స్’ అని ఒక్క మాట రాశాడు. ఏ వస్తువో, దేనికి వాడతారో ఆ అబ్బాయి ఒక పేజీ రాసి డేటాషీట్ జత చేశాక గానీ కదల్లేదు. ఆర్డర్ పెట్టిన రోజే డేటాషీట్లన్నీ ఒక ఫోల్డర్లో పెట్టుకోండి.

గిఫ్ట్ అని రాయించుకుంటే సరిపోతుందని ఇంకా కొందరు నమ్ముతున్నారు. బహుమతుల పేరుతో సుంకం లేకుండా తెచ్చుకునే వెసులుబాటును 2019 డిసెంబరులో తీసేశారు. ధర తగ్గించి రాయమని అమ్మేవాడిని అడగడం అంతకంటే పెద్ద తప్పు. 1962 నాటి కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ ప్రకారం ధర తప్పుగా చెప్పిన సరుకును జప్తు చేయొచ్చు. నిజం రాయండి, పన్ను కట్టండి, పార్సిల్ ఇంటికి వస్తుంది.

కంపెనీ పేరు మీద తెప్పించేవాళ్ళు ఐఈసీ (దిగుమతి ఎగుమతి కోడ్) తీసుకోవాలి. డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) సైట్‌లో పాన్ ఆధారంగా ఇస్తారు, రుసుము 500 రూపాయలు. ప్రతి ఏటా ఏప్రిల్, జూన్ మధ్య దాన్ని అప్‌డేట్ చేయాలి, మార్పులేమీ లేకపోయినా సరే. జీఎస్‌టీ నమోదు ఉంటే కట్టిన ఐజీఎస్‌టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. విద్యార్థులకు ఆ వీలు లేదు. డబ్బు కట్టే విషయం పెద్దగా చెప్పేది లేదు. 2020 మార్చి నుంచి కొత్త కార్డులు దేశంలో వాడకానికే తెరిచి ఇస్తున్నారు, విదేశీ లావాదేవీలు మీరే యాప్‌లో ఆన్ చేసుకోవాలి. ధరలు చూసేటప్పుడు డీడీపీ అని ఉంటే సుంకం అమ్మేవాడే కడతాడు, డీఏపీ అని ఉంటే మీరు కట్టాలి. రెండు సైట్ల ధరలు పోల్చే ముందు ఇది చూడండి.

కొన్నింటిని తెప్పించకపోవడమే మంచిది. విడి లిథియం అయాన్ సెల్స్‌ను 2016 ఏప్రిల్ నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా ఎక్కించనివ్వరు. పైగా మన దేశంలో బ్యాటరీలకు, అడాప్టర్లకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి. అవి ఇక్కడే కొనండి. వైఫై, బ్లూటూత్ మాడ్యూళ్ళకు డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం) నుంచి ఈటీఏ అనే అనుమతి పత్రం కావాలి. దేశంలో అమ్మేవాళ్ళు ఆ కాగితం ముందే తీసుకుని ఉంటే మీకు ఆ తలనొప్పి లేదు. డ్రోన్లు పూర్తిగా తయారైనవి 2022 ఫిబ్రవరి నుంచి దిగుమతి నిషేధం.

అమెరికా సంస్థలు ఆర్డర్ పెట్టేటప్పుడు ఈ పార్ట్ దేనికి వాడతారని అడుగుతాయి. కొందరు పిల్లలు భయపడి ఏదో ఒకటి రాసేస్తారు. అలా చేయొద్దు. ఎవరికి ఏం అమ్మకూడదో వాళ్ళ ప్రభుత్వం పెట్టిన ఆంక్షల వల్లే అలా అడుగుతారు, ఇది మన ఊరికి బాగా తెలిసిన విషయం. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత ఇస్రో, డీఆర్‌డీఓ విభాగాలను అమెరికా ఆంక్షల జాబితాలో పెట్టింది. ఆ పేర్లను తర్వాత విడతలవారీగా తొలగించారు, 2011లో కూడా కొన్నింటిని తీసేశారు. మామూలు విడిభాగాలకు ఇబ్బంది ఏమీ ఉండదు. కాలేజీ ప్రాజెక్టు, ఉష్ణోగ్రత కొలిచే పరికరం అని ఉన్నది ఉన్నట్టు రాస్తే వెళ్ళిపోతుంది.

పార్సిల్ వచ్చాక ఒక్క మాట, ముఖ్యంగా చెన్నైవాళ్ళకి. సర్ఫేస్ మౌంట్ ఐసీల కవరు మీద ఎంఎస్ఎల్ (తేమకు ఎంత త్వరగా దెబ్బతింటుందో చెప్పే స్థాయి) అని ఒక అంకె ఉంటుంది. ఎంఎస్ఎల్ 3 అంటే కవరు విప్పాక 168 గంటల్లోపు రీఫ్లో (ఓవెన్‌లో వేడిచేసి సోల్డర్) చేసేయాలి. అది కూడా 30 డిగ్రీలు, 60 శాతం తేమ లోపు ఉన్న గదిలో. మీ ఊరి తేమకు ఆ గడువు ఇంకా తగ్గుతుంది. లోపలికి చేరిన తడి ఓవెన్ వేడికి ఆవిరై, మూకుడులో పేలాలు పేలినట్టు చిప్పు లోపల పగులుతుంది. కాబట్టి వచ్చిన కవరును ఉత్సాహంగా చింపేయకండి. పైన లేబుల్ చూసి నంబరు సరిచూసుకుని, సోల్డర్ చేసే రోజున విప్పండి. మిగిలినవి సిలికా జెల్‌తో పాటు బిగుతైన డబ్బాలో పెట్టండి. లేబుల్ మాత్రం పారేయకండి.

(సభలో ఒక అమ్మాయి: మేడం, ఒక్క ఐసీ కోసం ఇంత ఖర్చు పెట్టమంటే ఇంట్లో ఒప్పుకోరు. అప్పుడేం చేయాలి?)

మంచి ప్రశ్న అమ్మా. మొదట ఆ చిప్పు తయారీదారు సైట్‌కి వెళ్ళు. కొన్ని కంపెనీలు కాలేజీ మెయిల్ ఐడీతో అడిగితే నమూనాలు పంపుతాయి. ఏ ప్రాజెక్టు, ఎందుకు ఆ చిప్పే కావాలి అని నాలుగు వాక్యాలు నిజాయతీగా రాయి. అది కుదరకపోతే మీ డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరికేం కావాలో కనుక్కుని చిట్టా కలుపు. మీ సార్‌ను అడిగి కాలేజీ పేరు మీద ఆర్డర్ పెట్టించు. రెండూ కుదరకపోతే, ఆ ఐసీ బదులు ఇక్కడ దొరికేదానితో ఎంతవరకు వెళ్ళగలవో చూసి, ఆ తేడా ఎంతో లెక్కగట్టి రిపోర్టులో రాయి. ఆ లెక్క రాసిన విద్యార్థిని మా కంపెనీలో ఇంటర్వ్యూకి వస్తే నేను ముందు ఆ పేజీయే చదువుతాను.

(ఇంకొకరు: చైనా సైట్ల నుంచి తెప్పించడం మంచిదేనా?)

చైనాలో అన్నీ నకిలీలే అనుకోవడం పొరపాటు. అక్కడ తయారయ్యే రెగ్యులేటర్లు, కనెక్టర్లు, స్విచ్చులు మంచివి చాలా ఉన్నాయి, వాటి అసలు తయారీదారు పేరుతోనే అమ్ముతారు. అలా పేరు చెప్పి, డేటాషీట్ ఇచ్చే సంస్థ దగ్గర కొనండి. టీఐ (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్) చిప్పు పదో వంతు ధరకి అని ఎవరైనా చూపిస్తే మాత్రం దూరంగా ఉండండి. అలీఎక్స్‌ప్రెస్‌ను మన ప్రభుత్వం 2020 నవంబరులో నిషేధించింది కాబట్టి దాని గురించి అడగక్కర్లేదు.

టీ తాగాక బీఓఎం తెచ్చుకున్నవాళ్ళు ఈ టేబుల్ దగ్గరికి రండి. ఒక్కొక్కరి చిట్టా తీసుకుని, పూర్తి పార్ట్ నంబర్లు కలిసి సరిచూద్దాం. రెగ్యులేటర్ల వరుసతో మొదలుపెడదాం.